సివిల్ చదువుతూ సముద్ర నిర్మాణం వైపు వెళ్లాలంటే

ప్రశ్న: సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఓడరేవులు, సముద్రపు వంతెనలు కట్టే కంపెనీలో చేరాలని ఆశ. అక్కడ ఇప్పుడంతా డ్రోన్లు, రోబోలు, సాఫ్ట్‌వేరే అంటున్నారు. సివిల్ పక్కనపెట్టి కోడింగ్ నేర్చుకోమంటారా?

జవాబు: పక్కన పెట్టకండి. ఆ కంపెనీలు కొంటున్న కొత్త పరికరాల్లో చాలావరకు ఒకే ఇబ్బంది కోసం వచ్చినవి: పని నీళ్ల అడుగున జరుగుతుంది, కంటికి కనపడదు. పరికరం చూపింది నమ్మాలో వద్దో తేల్చాల్సింది ఇంజనీరే.

మల్టీబీమ్ సోనార్‌నే తీసుకోండి. పడవ కింద నుంచి ధ్వని తరంగాలను విసనకర్రలా పరిచి, అవి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు లెక్కగడుతుంది. కానీ నీటిలో ధ్వని వేగం ఉష్ణోగ్రతను, ఉప్పదనాన్ని బట్టి మారిపోతుంది. నీరు మారాక కూడా పొద్దున కొలిచిన వేగాన్నే వాడితే, చదునుగా ఉన్న అడుగు సైతం మ్యాప్‌లో రెండంచులా పైకి లేచినట్టో కిందికి వంగినట్టో వస్తుంది. సాఫ్ట్‌వేర్ దానికీ చక్కగా రంగులద్ది చూపిస్తుంది. అది కొలతలో తప్పని ఎవరూ పట్టుకోకపోతే, లేని మట్టిని తవ్వడానికి డ్రెడ్జర్ (నీటి అడుగు మట్టిని తవ్వే ఓడ) బయల్దేరుతుంది.

డెన్మార్క్, జర్మనీల మధ్య కడుతున్న 18 కిలోమీటర్ల ఫెమర్న్‌బెల్ట్ సొరంగం చూడండి. ఒడ్డున ఫ్యాక్టరీలో పోసిన 89 కాంక్రీటు పెట్టెలను కొసలు మూసి, నీటిపై తేల్చి లాక్కెళ్లి, సముద్రం అడుగున ముందే తవ్విన కందకంలో దించి కలపాలి. మామూలు పెట్టె ఒక్కోటి 217 మీటర్ల పొడవు, సుమారు 73,000 టన్నుల బరువు. అది తేలడానికీ మునగడానికీ లెక్క మీ ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో ఉన్నదే.

కాబట్టి ఈ రెండేళ్లూ సాయిల్ మెకానిక్స్, సర్వేయింగ్ గట్టిగా పట్టుకోండి. కోడింగ్ అంటారా, డేటా శుభ్రం చేసుకునేంత పైథాన్ చాలు మొదట్లో. సముద్రపు లోతుల డేటాను జెబ్కో (GEBCO) అనే అంతర్జాతీయ ప్రాజెక్టు ఉచితంగా ఇస్తుంది. దాన్ని క్యూజీఐఎస్ (QGIS) అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఏదైనా తీరానికి లోతు గీతలు గీసి చూడండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కంటే ఆ మ్యాప్ గురించి మాట్లాడటం తేలిక.

ఒక మాట ముందే చెప్పాలి. సైట్ ఉద్యోగమంటే వారాల తరబడి ఓడ మీద ఉండాల్సి రావచ్చు, వైద్య పరీక్షలూ సముద్రంలో ప్రాణరక్షణ శిక్షణా అడుగుతారు. అది మీకు కుదరదనిపిస్తే డిజైన్ ఆఫీసులు ఉన్నాయి. అక్కడా ఇవే పునాదులు అడుగుతారు.