పక్కపక్క బండలే, ఒకదాని నిండా సీ అర్చిన్లు, ఇంకోదాని మీద ఒక్కటీ లేదు: ఎందుకు?

విశాఖ తీరంలో ఆనుకుని ఉన్న రెండు బండల మీద ఒకచోట గుంపుగా సీ అర్చిన్లు (ఒళ్ళంతా ముళ్ళుండే గుండ్రటి సముద్ర జీవులు), రెండోచోట సున్నా కనిపించాయని మీరు రాశారు. ఎం.ఎస్సీ. ప్రాజెక్టు కోసం చదరపు మీటరుకి ఎన్ని ఉన్నాయో ఎలా తేల్చాలని అడిగారు. లెక్క ఎలా పెట్టాలో కింద చెప్తాను. కానీ ఆ సగటు మాత్రం ఒక బండ మీద ఉండి ఇంకోదాని మీద ఎందుకు లేవన్న ప్రశ్నకి జవాబు ఇవ్వదు. అర్చిన్ బండ మీద బతకదు, బండలో ఉన్న సందులో బతుకుతుంది. అందుకని ముందు లెక్కపెట్టాల్సింది సందుల్ని.

ఒక నెర్రెను దగ్గరగా చూడండి. అమావాస్య పాటుకి నీళ్ళు బాగా వెనక్కి తగ్గినప్పుడు, నాలుగు వేళ్ళ వెడల్పున్న నెర్రెలో జానెడు లోతు నీళ్ళు మిగులుతాయి. అందులో నల్లగా, వెలుతురు పడితే ఆకుపచ్చ ఛాయ కొట్టే మొద్దు ముళ్ళతో కూర్చుని ఉండేది ఎక్కువగా స్టోమోప్న్యూస్టిస్ వేరియోలారిస్ అనే జాతి అర్చిన్. ముళ్ళని రెండు వైపులా రాతి గోడకి ఊతం పెట్టి బిగించుకుని ఉంటుంది. పుల్లతో తాకితే ఇంకా బిగుస్తుంది, పీకితే రాదు, బలవంతం చేస్తే ముళ్ళు విరుగుతాయి. పైన నాళికాపాదాలతో (సన్నటి గొట్టాల్లాంటి పాదాలు) సర్గాసం నాచు ముక్కనో, అల్వా నాచు రేకునో పట్టుకుని ఉంటుంది. తిండి కోసం అది ఎక్కడికీ పోలేదు, అల తెచ్చి ఇచ్చింది. దాని ముళ్ళ కిందే గోరంత పిల్ల ఒకటి దాక్కుని ఉండొచ్చు. ఆ నెర్రెకి బెత్తెడు పైన పొడి రాయి, బార్నకిల్స్ (రాతికి అతుక్కుని ఉండే చిన్న గుల్ల జీవులు) తప్ప ఏమీ ఉండదు.

పై హద్దుని ఎండ గీస్తుంది. నీళ్ళు నిలవని చోట పగటి పాటులో అర్చిన్ ఎండిపోతుంది. అలల తాకిడి ఎక్కువున్న నున్నటి రాయి మీద పాదాలు పట్టు నిలబెట్టుకోలేవు, మేతకి కదలలేవు. ఇక అడుగున ఇసుక. రుతువుని బట్టి తీరంలో ఇసుక ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. బండ అడుగుభాగం నాచు లేకుండా నున్నగా, గీకినట్టు కనిపిస్తే అక్కడ ఏడాదిలో కొన్నాళ్ళు ఇసుక కప్పేస్తోందన్నమాట. అలాంటి చోట పెద్ద అర్చిన్లు దొరకవు. ఈ మూడు హద్దుల మధ్య మిగిలిన కాస్త పట్టీలో, అదీ సందులున్న చోటే, మీరు చూసిన గుంపు ఉంటుంది.

మీ రెండు బండలూ ఒకే రాయేనా, చూశారా? విశాఖ దగ్గర ఖొండలైటు అనే రాయి ఎక్కువ. అది పొరల వెంట చీలుతుంది, ఎండకీ వానకీ గుల్లబారుతుంది, గుంటలు పడతాయి. చార్నోకైటు అనే ఇంకో రాయి గట్టిది, అరిగినా గుండ్రంగా, నున్నగానే మిగులుతుంది. మెత్తబడిన చోట అర్చిన్ తన ఐదు పళ్ళతో గుంటని ఇంకా తొలుస్తుంది. ఆ పళ్ళు అరిగే కొద్దీ పెరుగుతూనే ఉంటాయి. తొలిచినది చచ్చిపోయినా గుంట ఉంటుంది, ఇంకోటి వచ్చి చేరుతుంది. కాబట్టి మీకు కనిపించే గుంపు ఈ ఏటి సంగతి కాకపోవచ్చు, ఎన్నో తరాలు ఒకే ఇంట్లో కాపురం ఉండి ఉండొచ్చు.

ఇప్పుడు లెక్క. అరంగుళం పీవీసీ పైపు, నాలుగు ఎల్బోలతో లోపలి కొలత సరిగ్గా 50 సెం.మీ. ఉండేలా చదరం ఫ్రేము చేసుకోండి. ఎల్బోలు కొంత పొడవు కలుపుతాయి, అందుకే పైపు ముక్కని కాకుండా లోపలి అంచుల్ని కొలవాలి. పైపుకి అక్కడక్కడా రంధ్రాలు పెట్టండి, లేకపోతే లోపల గాలి ఉండి తేలిపోతుంది. పౌర్ణమి, అమావాస్యల తర్వాతి రెండు రోజుల్లో పాటు బాగా లోతుగా ఉంటుంది. టైడ్ టేబుల్ చూసి, పాటుకి గంటన్నర ముందే దిగండి, నీళ్ళు తిరిగాక అరగంటలో పైకి వచ్చేయండి. తీరానికి సమాంతరంగా 20 మీటర్ల టేపు వేయండి, పై, మధ్య, కింది మట్టాల్లో ఒక్కొక్కటి. టేపు మీద ఎక్కడ ఫ్రేము పెట్టాలో రాండమ్ నంబర్లు ఇంట్లోనే రాసుకుని వెళ్ళండి. అక్కడికెళ్ళాక ఎంచుకుంటే చెయ్యి దానంతట అదే అర్చిన్లున్న చోటికే పోతుంది, ప్రాజెక్టుల్లో అంకెలు ఉబ్బేది అక్కడే. మట్టానికి కనీసం 20 ఫ్రేములు. అంచు మీద పడినవాటిలో ఎడమ, కింది అంచులవి లెక్కలోకి, కుడి, పై అంచులవి వదిలేయండి.

ప్రతి ఫ్రేములో అర్చిన్ల సంఖ్యతో పాటు ఇంకో నాలుగు రాయాలి: నెర్రెల మొత్తం పొడవు, గుంటలెన్ని, వాటిలో ఖాళీవెన్ని, పాటులో నీళ్ళు నిలిచాయా లేదా. నా దృష్టిలో మొత్తం పనిలో విలువైనది ఆ ఖాళీ గుంటల అంకె. గుంటలన్నీ నిండి, కొన్ని అర్చిన్లు బయట కూడా ఉంటే అక్కడ ఇంటికి కొరత. గుంటలు బోలెడు ఖాళీగా ఉంటే కొరత ఇంటికి కాదు. లార్వాలు (నీళ్ళలో కొట్టుకొచ్చే పసి దశ అర్చిన్లు) రావడం లేదు, లేదా వచ్చినవి చనిపోతున్నాయి. అప్పుడు పెద్ద వాన తర్వాత అక్కడికి మంచినీటి కాలువ ఏదైనా దిగుతోందేమో వెతకండి. అర్చిన్‌కి ఒంట్లో ఉప్పు సర్దుకునే శక్తి లేదు, నీళ్ళు పలచబడితే తట్టుకోలేదు.

సగటు ఎందుకు పనికిరాదో ఒక ఊహా లెక్కతో చూడండి. పది ఫ్రేముల్లో 0, 0, 15, 0, 1, 0, 23, 0, 1, 0 వచ్చాయనుకోండి. మొత్తం 40, ఫ్రేముకి సగటు 4, అంటే చదరపు మీటరుకి 16. కానీ నాలుగుకి దరిదాపుల్లో ఉన్న ఫ్రేము ఒక్కటీ లేదు! వేరియన్స్ (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) తీస్తే 66 వస్తుంది, దాన్ని సగటుతో భాగిస్తే 16 పైన. ఈ భాగఫలం ఒకటి దగ్గర ఉంటే ఎలా పడితే అలా చెదిరి ఉన్నట్టు, ఒకటి కంటే బాగా ఎక్కువైతే గుంపులు, తక్కువైతే సమానమైన ఎడంతో ఉన్నట్టు. రిపోర్టులో 16 ± ఎంతో అని రాసి ఊరుకుంటే తీరమంతా అర్చిన్లు పరిచినట్టు చదువుతారు. ఇంకో సంగతి, గుంపు లోపల స్కేలు పెట్టి చూస్తే ఒకదానికొకటి ముళ్ళ పొడవంత ఎడం పాటిస్తాయి. మీటరు కొలతలో గుంపు, జానెడు కొలతలో క్రమం. అందుకే ఏ సైజు ఫ్రేముతో చూశారో రాయకుండా 'గుంపుగా ఉన్నాయి' అంటే ఆ మాటకి అర్థం లేదు.

రాయి గరుకుదనం కూడా కొలవండి. 5 మీటర్ల టేపు కింద సన్నటి గొలుసుని రాయి ఎగుడుదిగుళ్ళ వెంట పరిస్తే, 7.5 మీటర్ల గొలుసు పట్టిందనుకోండి, నిష్పత్తి 1.5. మీ రెండు బండలకీ ఈ అంకె తీసి పక్కపక్కన పెట్టండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. సెంటీమీటరు లోపు పిల్లలు నాచు కుదుళ్ళలో, పెద్దవాటి కింద ఉంటాయి, టార్చి లేకుండా కనిపించవు. వాటిని వదిలేసి 'పిల్లలు లేవు, జనాభా తగ్గిపోతోంది' అని రాసేస్తారు చాలామంది.

గుంపు ఉండటం వాటికి అవసరం కూడా. ఆడ, మగ కణాలు నీళ్ళలోనే కలవాలి. చలి సముద్రాల్లో ఉండే ఆకుపచ్చ అర్చిన్‌తో చేసిన ప్రయోగాల్లో మగదానికి 20 సెం.మీ. దాటితే ఫలదీకరణ బాగా పడిపోయింది. పుట్టిన లార్వాలు వారాల తరబడి ప్రవాహంలో కొట్టుకుపోతాయి. వాటికి దిగడానికి ఇసుక పనికిరాదు, రాయి కావాలి. మన తీరంలో బండలు ఇసుక మధ్య ముక్కలుముక్కలుగా ఉన్నాయి కాబట్టి ఒక బండకి వచ్చి ఇంకోదానికి రాకపోవడం మామూలే.

ఒక మనవి. బంగాళాఖాతం మీద రాసే ప్రాజెక్టుకి కెల్ప్ (చలి సముద్రాల్లో పెరిగే భారీ నాచు) అడవులు, అర్చిన్లని తినే సముద్రపు ఆటర్లతో (నీటికుక్కలు) మొదటి అధ్యాయం నింపకండి. ఇక్కడ రెండూ లేవు. ఉత్తర కాలిఫోర్నియా నుంచి తీసుకోవాల్సింది వేరే ఉంది. 2013లో మొదలైన తెగులుతో అర్చిన్లని తినే సన్‌ఫ్లవర్ స్టార్ అనే పెద్ద నక్షత్రచేప అక్కడ తుడిచిపెట్టుకుపోయింది. 2014 నుంచి 2016 దాకా నీళ్ళు వేడెక్కి బుల్ కెల్ప్ 90 శాతానికి పైగా పోయింది. అంతకుముందు సందుల్లో కూర్చుని, కొట్టుకొచ్చిన కెల్ప్ ముక్కలు తింటూ బతికిన ఊదారంగు అర్చిన్లు, ఆ ముక్కలు రావడం ఆగేసరికి బయటికి వచ్చి నిలబడి ఉన్న కెల్ప్‌ని మొదళ్ళతో సహా మేశాయి. వాటి సంఖ్యా పెరిగింది, నిజమే. కానీ సందులో ఉన్నది బయటికి రావడమే అసలు మలుపు. అదే కెల్ప్ తినే అబలోన్ అనే పెద్ద నత్తలు తిండి లేక చనిపోయి, 2018లో వాటి వేట మూసేయాల్సి వచ్చింది. అర్చిన్లు మాత్రం లోపల బీజకోశాలు ఎండిపోయి, ఖాళీ డొల్లల్లా ఏళ్ళ తరబడి బతికే ఉన్నాయి.

అందుకని మీ డేటా షీటులో ప్రతి అర్చిన్ పక్కన ఒక గడి పెట్టండి: సందులో, బయట. ఇంకో గడిలో పైన నాచు ముక్క పట్టుకుని ఉందా, లేదా. ఇలా ఏడాదిలో కనీసం నాలుగుసార్లు అవే టేపు గీతల మీద చూడాలి. అందుకు మొదటిరోజే టేపు రెండు చివర్లా బండకి ఎపాక్సీ పుట్టీతో గుర్తు పెట్టుకోండి, పెయింటు అలలకి నిలవదు. రాళ్ళు తిరగేస్తే మళ్ళీ అలాగే పెట్టేయండి. గడ్డపారతో నెర్రె పెకలించి అర్చిన్ని తీయకండి, ఒకదాని కోసం పది తరాల ఇల్లు పోతుంది. కొలవాలంటే ఉన్నచోటే ముళ్ళ మధ్యకి వెర్నియర్ కాలిపర్స్ మొనలు దించి గుల్ల వ్యాసం తీయొచ్చు. మందపాటి అడుగున్న బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు. ఇద్దరు వెళ్ళండి. ఒకరు రాస్తుంటే రెండోవారి చూపు ఎప్పుడూ సముద్రం మీదే ఉండాలి.