స్టేటస్‌లో నవ్వుతున్న అమ్మలుకి

అమ్మలూ,

మొన్న ఆదివారం భోజనానికి వచ్చి ఎంత హుషారుగా ఉన్నావో! బాబాయిని ఆటపట్టించావు, చెల్లికి జడ వేశావు. కంచంలో గోంగూర పచ్చడి మాత్రం వేసింది వేసినట్టే ఉండిపోయింది. చేయి కడుక్కోవడానికి వెళ్ళి, కుళాయి తిప్పి చాలాసేపు రాలేదు. నువ్వు ప్రేమించినతను నిన్ను వదిలి వెళ్ళాడుగా, ఆ నీళ్ళ చప్పుడు ఎందుకో నాకు తెలుసురా. ఒకప్పుడు నేనూ అలాగే కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని.

బాబాయితో పెళ్ళికి ముందు, నేను మనసు పెట్టుకున్న ఒకతను తప్పుకున్నాడు. తర్వాత ఆరు నెలలు అందరికంటే గట్టిగా నవ్వాను. రాత్రికి దవడలు లాగేసేవి. ఒకరోజు మీ అమ్మ "కాఫీ తాగుతావా?" అందంతే, ఏడుపు ఆగలేదు.

ఆఫీసులో నవ్వుతూ తిరగడం తప్పు కాదు. మారతహళ్ళిలో నీ పీజీ వాళ్ళందరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. "బానే ఉన్నా" అని నీ పని చూసుకో. కానీ ఆ నవ్వు దించుకోవడానికి ఒక మనిషి ఉండాలి. జేమ్స్ గ్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990లలో చేసిన ప్రయోగాల్లో తేలింది ఇదే: బాధ మొహంలో కనబడకుండా అదిమిపెడితే లోపల అది తగ్గదు, పైగా ఒంటికి శ్రమ పెరుగుతుంది.

ఇక ఆ స్టేటస్‌లు. కోరమంగళ కెఫేలో నవ్వుతూ దిగిన ఫోటో రాత్రి ఒంటిగంటకి పెట్టావు. నిన్ను వదిలి వెళ్ళినతను చూశాడా లేదా అని ఎన్నిసార్లు తెరిచి ఉంటావో! అతను చూడాలని పెట్టినన్నాళ్ళూ నీ రోజు అతని చేతిలోనే ఉంటుంది. ఒక నెల ఆపెయ్. ఆ వేళకి నోట్‌బుక్ తీసి పావుగంట రాయి, తెలుగులో, తిట్లతో సహా. తర్వాత చించేసినా పర్లేదు.

వారాలు గడిచినా తిండి, నిద్ర దారిలో పడకపోతే, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఏ వేళైనా సరే నాకు ఫోన్ చెయ్. నాతో చెప్పలేకపోతే 14416కి చెయ్, అది టెలి మానస్ అని మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్. ఉచితం, 24 గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

అమ్మకి నేనేం చెప్పలేదు, నువ్వు చెప్పేదాకా చెప్పను. శుక్రవారం రాత్రికే మా ఇంటికి వచ్చెయ్. పొద్దున్నే లాల్‌బాగ్ తోటకి వెళ్దాం. ఆ పెద్ద బండ ఎక్కి కూర్చుందాం, దాని వయసు 300 కోట్ల ఏళ్ళట. ఏమీ మాట్లాడకపోయినా పర్లేదు. గోంగూర మళ్ళీ నూరి పెడతాను.

మీ పిన్ని