అరకు, లంబసింగి, మారేడుమిల్లి: రెండు రోజులు చాలవండీ

వైజాగ్ నుంచి ఈ మూడూ శని, ఆదివారాల్లో కారులో చుట్టి రావచ్చా, అమ్మానాన్నలతో, పిల్లలతో టెంట్లలో పడుకోవడం కుదురుతుందా అని అడిగారు. టెంట్లు కుదురుతాయి. రెండు రోజులు మాత్రం వద్దు. మ్యాప్ చెప్పే టైము ఘాట్ రోడ్డు మీద నిలవదు. ఒక్క లారీ ముందు పడిందంటే మలుపు మలుపుకీ దాని వెనకాలే పాకాలి. చీకటి పడ్డాక ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన కొండ ప్రాంతంలో, నడిపితే టెన్షన్ తప్ప కనిపించేదేమీ ఉండదు. మేం చలికాలంలో వెళ్ళినప్పుడల్లా సాయంత్రం నాలుగింటికల్లా బండి ఆపేస్తాం. మీరు కనీసం నాలుగు రాత్రులు పెట్టుకోండి.

శృంగవరపుకోట మీదుగా అరకు సుమారు 115 కిలోమీటర్లు. కోట దాటాక మొదలయ్యే ఘాట్‌కే సగం రోజు ఇవ్వండి. అనంతగిరిలో కాఫీ తోటల పక్కన దిగితే సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగలు పిల్లలకి చూపించొచ్చు. బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి, పెద్దవాళ్ళ మోకాళ్ళ సంగతి ముందే ఆలోచించుకోండి. నవంబరులో వెళ్తే పొలాల్లో వలిసె పూలు పసుపుపచ్చగా విరగబూసి ఉంటాయి. ఫోటోకని చేలో దిగితే రైతు పదో ఇరవయ్యో అడుగుతారు. ఇచ్చెయ్యండి, అది ఆయన నూనె గింజల పంట, మనం తొక్కేది దాన్నే.

అరకు నుంచి పాడేరు దారిలో చాపరాయి దగ్గర కాళ్ళు తడుపుకుని, రాత్రికి పాడేరులో గది తీసుకోండి. వంజంగిలో మబ్బుల మీద సూర్యోదయం చూడాలంటే తెల్లవారకముందే బయల్దేరాలి, చివర్లో నడవాలి.

టెంట్ రాత్రి లంబసింగిలో పెట్టుకోండి. అక్కడ అద్దెకి దొరుకుతాయి. డిసెంబరు, జనవరిల్లో చలి ఒక్కోసారి సున్నా దగ్గరికి దిగుతుంది. కానీ పిల్లల్ని ఇబ్బంది పెట్టేది చలికన్నా మంచు. తెల్లారేసరికి టెంట్ పైగుడ్డ నీళ్ళోడుతుంది, కింద నుంచి చెమ్మ ఎక్కుతుంది. టెంట్ ఇచ్చేవాళ్ళు పరిచే పల్చటి చాప చాలదు. ఇంటి నుంచి టార్పాలిన్, దాని మీదకి మందపాటి బొంత, ఒక జత పొడి మేజోళ్ళు తెచ్చుకోండి. శనివారం రాత్రి స్పీకర్ల గోల భరించలేం, అందుకే మేం వారం మధ్యలోనే వెళ్తాం. తాజంగి రిజర్వాయర్ వైపు కాస్త నెమ్మది. అటవీ శాఖని అడక్కుండా అడవిలో ఎక్కడపడితే అక్కడ టెంట్ వెయ్యొద్దు, నెగడు అసలే వద్దు. దోమల మందు మర్చిపోకండి, ఏజెన్సీలో మలేరియా ఉంది.

తర్వాత రోజు చింతపల్లి వైపు ఓసారి వెళ్ళొచ్చి, కృష్ణదేవిపేట, కొయ్యూరు, రాజవొమ్మంగి, అడ్డతీగల మీదుగా రంపచోడవరం దిగండి. చాలామంది ఈ దారి వదిలేసి నర్సీపట్నం మీదుగా హైవే ఎక్కేస్తారు. నాకైతే మొత్తం ప్రయాణంలో ఇదే ఇష్టం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. పిల్లలు ఈ పేర్లు పాఠంలో చదివే ఉంటారు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి దగ్గర ఆగితే, ఈ కొండల్లో మూడు రోజుల్లో మూడు స్టేషన్లంటే ఏమిటో వాళ్ళకే అర్థమవుతుంది.

రంపచోడవరం నుంచి మారేడుమిల్లి చేరాక, అక్కడ బొంగు చికెన్ చెప్పి కాస్త ఓపిక పట్టండి. పచ్చి వెదురు బొంగులో కూరి, నూనె లేకుండా నిప్పుల మీద కాలుస్తారు. ముందే కాల్చి పెట్టింది తీసుకోవద్దు. గుడిసె కొండ మీదికి మీ కారు వద్దు, ఊళ్ళో జీపులు దొరుకుతాయి. మారేడుమిల్లి నుంచి రాజమండ్రి దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు వేసి ఉంచకుండా సెకండ్ గేర్‌లో రండి.

పెట్రోలు అరకులోనో పాడేరులోనో నింపుకోండి, చేతిలో కాస్త నగదు ఉంచుకోండి, చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. డిసెంబరు ఆఖరి వారం మాత్రం పెట్టుకోకండి, లంబసింగిలో బండి ఆపడానికి కూడా చోటు దొరకదు.