మొక్క వేళ్ళు కడిగి చూశారా? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లలో ఎక్కువ భాగం నులిపురుగుల గురించే, అదే అందరూ నెమటోడ్స్ అంటున్నారే, మట్టిలో ఉండి మొక్కల వేళ్ళని పీల్చే సన్నటి పురుగులు, అవి. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి పెట్టుకుని ఇవన్నీ ఒక్కచోట ఇస్తున్నాం.

ప్రశ్న: మదనపల్లె దగ్గర టమాటా వేశానండి. మధ్యాహ్నం ఎండకి మొక్కలు వాలిపోతున్నాయి, సాయంత్రానికి మళ్ళీ లేస్తున్నాయి, ఆకులు పసుపు తిరిగాయి, ఎదుగుదల ఆగిపోయింది. షాపులో ఇచ్చిన తెగులు మందు రెండుసార్లు కొట్టినా మార్పు లేదు. బంతి, జిల్లేడు, వేపాకు రసం మొదట్లో పోస్తే పురుగులన్నీ చస్తాయని ఒక వీడియోలో చూశాను, నిజమేనా?

జవాబు: అన్నా, ఏ మందైనా ఇంకో రూపాయి పెట్టకముందు ఒక పని చెయ్యండి. పూర్తిగా చచ్చిన మొక్క కాదు, సగం వాడిన మొక్కని పారతో చుట్టూ లోతుగా తవ్వి మట్టి పెళ్ళతో సహా తియ్యండి, లాగితే సన్న వేళ్ళు తెగి లోపలే ఉండిపోతాయి, మనకి కావాల్సింది అవే. బకెట్ నీళ్ళలో ముంచి మెల్లగా కడగండి. వేరు పొడవునా పూసల్లాగా బుడిపెలు, కొన్నిచోట్ల రెండు మూడు కలిసిపోయి ముద్దలు కనిపిస్తే అది వేరుబుడిపె నులిపురుగు. వేళ్ళు శుభ్రంగా ఉండి మొక్క పచ్చగానే ఉండగా ఉన్నట్టుండి వాలిపోతే మాత్రం కాండం అడుగున కోసి ఆ ముక్కని గ్లాసు నీళ్ళలో వేలాడదీయండి, కాసేపటికి పాలలాంటి దారం కిందికి జారితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు, దాని దారి వేరు. రెండూ కలిసి ఉండే పొలాలు కూడా చాలానే ఉంటాయండి, నులిపురుగు వేరుకి చేసిన గాయం లోంచే బ్యాక్టీరియా, ఫ్యుజేరియం లాంటి శిలీంధ్రాలు సులువుగా లోపలికి పోతాయి, మీరు పైన ఆకు మీద ఎంత కొట్టినా లాభం లేకపోవడానికి ఒక కారణం అదే.

గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల అర మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి కనపడదు. వేరు కొస దగ్గర దూరి, లోపల ఒకచోట కూర్చుని, చుట్టూ ఉన్న కణాలని తన తిండి కోసం ఉబ్బేలా చేస్తుంది. ఆడది అక్కడే బేరిపండు ఆకారానికి లావెక్కి ఒక జిగురు సంచిలో వందల గుడ్లు పెడుతుంది. నేల వెచ్చగా ఉంటే నాలుగు వారాలకే ఒక తరం పూర్తి. అంటే ఒక్క టమాటా పంట కాలంలో మూడు నాలుగు తరాలు తయారవుతాయన్నమాట, అందుకే పంట చివరికొచ్చేసరికి అంత ఘోరంగా కనిపిస్తుంది.

ఇప్పుడు రసం సంగతి. నిలబడ్డ పంటలో, పురుగు వేరు లోపల కూర్చున్నాక, పైనుంచి మగ్గుతో పోసే ఆకు రసం దాని దాకా పోదండి. బంతి పనిచేస్తుంది, కానీ రసంగా కాదు, పంటగా. దాని వేళ్ళలో ఆల్ఫా టెర్థైనిల్ అనే పదార్థం ఉంది, 1958లో డచ్ శాస్త్రవేత్తలు ఊలెన్‌బ్రూక్, బైలో దాన్ని వేరుచేసి చూపించారు. బతికున్న వేరులోకి పురుగు దూరినప్పుడే దాని దెబ్బ తగులుతుంది. కాబట్టి గట్టు మీద ఒక వరస వేస్తే చాలదు, పొలమంతా ఒత్తుగా రెండున్నర మూడు నెలలు బంతి ఉండాలి, మధ్యలో కలుపు ఉండకూడదు, ఎందుకంటే కలుపు మొక్కల వేళ్ళలో నులిపురుగు హాయిగా బతికేస్తుంది. పూలకి రేటు వచ్చే సీజన్ చూసుకుని వేసుకుంటే నేల బాగుపడుద్ది, చేతికి డబ్బూ వస్తుంది, ఎర్రనల్లి మీద మాత్రం ఒక కన్నేసి ఉంచండి. నీళ్ళు నిలబెట్టే వీలుంటే ఒక కారు వరి వేసినా ఈ కూరగాయల నులిపురుగు బాగా తగ్గుతుంది.

నులిపురుగుని తట్టుకునే హైబ్రిడ్ అని అమ్మే టమాటా విత్తనాల్లో ఎక్కువగా ఉండేది ఎమ్ఐ అనే జన్యువు. అది మంచిదే, కానీ నేల వేడి 28 డిగ్రీలు దాటితే దాని పట్టు సడలిపోతుంది. మీ దగ్గర ఎండాకాలం పంటకి దాని మీదే భారం వెయ్యకండి.

ప్రశ్న: సంగారెడ్డి జిల్లాలో తైవాన్ జామ పెట్టినం. రెండో ఏడు నుంచి చెట్లు ఒక్కోటి ఎండిపోతున్నయ్. ఏం చెయ్యాలె?

జవాబు: జామలో ఇప్పుడు ఎక్కువ భయపెడుతున్నది మెలాయిడోగైన్ ఎంటరోలోబీ అనే వేరుబుడిపె నులిపురుగు రకం. 1983లో చైనాలో దీనికి ఆ పేరు పెట్టారు, పైన చెప్పిన ఎమ్ఐ జన్యువుని కూడా ఇది లెక్కచెయ్యదు. మన తోటల్లోకి ఇది నడిచి రాలేదండి, నర్సరీ కవర్ మట్టిలో కూర్చుని లారీ ఎక్కి వచ్చింది. ఇది చెప్పేటప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే రైతు అప్పు చేసి మొక్క కొంటాడు, ఆ మొక్కతోనే రోగం కూడా కొనుక్కుంటాడు. ఇకమీద ఎక్కడ కొన్నా లోడ్‌లోంచి నాలుగైదు కవర్లు మీరే ఎంచుకుని చింపి, వేళ్ళు కడిగి చూడండి, ఒక్క దాంట్లో బుడిపె ఉన్నా లోడ్ మొత్తం వద్దనండి, మొహమాటపడొద్దు. ఎండిన చెట్లని వేళ్ళతో సహా తీసి కాల్చెయ్యాలి, ఆ గుంతలో వెంటనే మళ్ళీ జామ పెట్టొద్దు. మిగిలిన చెట్లకి పాదుల్లో వేపపిండి, దాంతోపాటు జీవ శిలీంధ్రాలు కలిపిన పశువుల ఎరువు వెయ్యండి. ఒక టన్ను బాగా మాగిన ఎరువుకి ట్రైకోడెర్మా 2 కిలోలు, పర్పురియోసిల్లియం 2 కిలోలు కలిపి, తడి ఆరకుండా నీడలో గోనెసంచులు కప్పి రెండు వారాలుంచితే అవి ఎరువంతా అల్లుకుంటాయి. ఈ పర్పురియోసిల్లియం నులిపురుగు గుడ్ల మీద పెరిగి వాటిని తినేస్తుంది. చెట్టు మొత్తం పాడయ్యాక కాదు, ఆకు పసుపు తిరిగే ముందే మొదలుపెట్టాలె.

ప్రశ్న: బాపట్లలో ఎమ్మెస్సీ చేస్తున్నాను సర్. ఔషధ మొక్కల ఆకు రసాలతో నులిపురుగుల మీద ప్రయోగం చేద్దామనుకుంటున్నాను. ల్యాబ్‌లో దాదాపు అన్నీ చచ్చిపోతున్నాయి, కానీ సీనియర్లు పొలంలో పనిచెయ్యదు అంటున్నారు. ఎందుకలా?

జవాబు: చాలా మంచి ప్రశ్నమ్మా, నువ్వు ఇది ముందే అడిగావు, కొంతమంది థీసిస్ అయిపోయాక అడుగుతారు.

గాజు పళ్ళెంలో పురుగుకి పారిపోయే చోటు లేదు, చుట్టూ రసమే. పొలంలో అదే రసం మట్టి రేణువులకి అంటుకుపోతుంది, సూక్ష్మజీవులు తినేస్తాయి, నీళ్ళతో పల్చబడిపోతుంది. వేరు దగ్గరికి చేరేసరికి మిగిలేది ఎంత? రెండోది, కదలకుండా పడున్న పురుగు చచ్చినట్టు కాదు. 24 గంటలో 48 గంటలో రసంలో ఉంచి లెక్కపెట్టి రాసుకుంటారు కదా, అక్కడితో ఆపకు. వాటిని వడకట్టి మంచినీళ్ళలోకి మార్చి మర్నాడు మళ్ళీ మైక్రోస్కోప్ కింద పెట్టి చూడు. నిటారుగా కర్రముక్కలా పడున్నవాటిలో కొన్ని మెల్లగా ఒళ్ళు తిప్పడం మొదలుపెడతాయి, నీ పట్టికలో చచ్చినవాటి కింద రాసినవి! అవి మత్తులో ఉన్నవే తప్ప చావలేదు. ఈ తేడా రాయని రిజల్ట్‌తో రైతుకి సలహా ఇవ్వకూడదు.

మూడోది, మొక్క పేరు రాస్తే సరిపోదు, ఏ భాగం, ఏ నెలలో కోశారు, నీడలో ఆరబెట్టారా, నీళ్ళలో తీశారా ఆల్కహాల్‌లో తీశారా, అన్నీ రాయాలి. ఆల్కహాల్‌లో తీస్తే ఒట్టి ఆల్కహాల్ పోసిన పళ్ళెం కూడా పక్కన పెట్టాలి, లేకపోతే చంపింది బిళ్ళగన్నేరో ఆల్కహాలో ఎవరు చెప్తారు? గుడ్లు పగలకుండా ఆపుతోందా, పురుగు వేరులో దూరకుండా ఆపుతోందా అనేది విడివిడిగా చూడు, ఆ తర్వాత కుండీల్లో, మన నల్లరేగడిలో, ఇసుక నేలలో వేరువేరుగా చూడు. చివర్న పొలం.

ఔషధ మొక్కల మీద నమ్మకం పోగొట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. వేప, ఆముదం, కానుగ పిండ్లు పొలంలో నిలబడ్డాయి కదా, ఎందుకు నిలబడ్డాయో ఆలోచించు. అవి ఎకరాకి కిలోల్లో కాదు, వంద, రెండొందల కిలోల్లో పడతాయి, నేలలో వారాల తరబడి కుళ్ళుతూ నెమ్మదిగా పదార్థాలు వదులుతాయి, మేలు చేసే శిలీంధ్రాలకి తిండి కూడా అవుతాయి. నువ్వు రసం వదిలేసి పిండి రూపంలోనో, పంట మార్పిడి రూపంలోనో ఔషధ మొక్కని పరీక్షిస్తే నీ పని రైతుకి చేరుద్ది. మన దేశంలో 1901లో బార్బర్ అనే శాస్త్రవేత్త నీలగిరుల్లోని దేవాల టీ తోటలో వేరుబుడిపెలు చూసి రాసిన దగ్గర్నుంచి ఇన్నేళ్ళలో ల్యాబ్‌లో గెలిచిన ఆకులు లెక్కలేనన్ని, రైతు చేతికి వచ్చినవి కొన్నే. నువ్వు ఆ కొన్నిటికి ఇంకోటి కలపగలవు.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి పక్కన. వేరుశనగ కాయలు నల్లబడి చిన్నగా వస్తున్నాయి. మా నాయన కాళహస్తి తెగులు అంటాడు, అట్లాంటిది ఉందా?

జవాబు: ఉందండి, మీ నాయన చెప్పింది కరెక్టు. 1975-76 ప్రాంతంలో మీ దగ్గరే బయటపడింది కాబట్టే ఆ పేరు. ఇది కూడా నులిపురుగే, కానీ వేరు లోపల కూర్చునే రకం కాదు, బయటినుంచే ఊడలని (పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టేవి), లేత కాయల్ని గుచ్చి పీలుస్తుంది. అందుకే బుడిపెలు వెతికితే దొరకవు, ఊడ పొట్టిగా అయిపోవడం, కాయ తొక్క మీద గోధుమ రంగు మచ్చలు పెద్దవై నల్లబడటం గుర్తు, లోపల గింజ మాత్రం బాగానే కనిపిస్తుంది, సైజు తగ్గుద్ది. దీన్ని తట్టుకోవడానికే తిరుపతి పరిశోధన కేంద్రం తిరుపతి-3 రకాన్ని ఇచ్చింది. ఇప్పుడు మీ నేలకి ఏ రకం దొరుకుతుందో అక్కడే అడగండి, వెళ్ళేటప్పుడు మట్టి కూడా తీసుకెళ్ళండి. పైమట్టి కాదు, జానెడు లోతున వేళ్ళ దగ్గర తడి మట్టి, పొలంలో పది పదిహేను చోట్ల తీసి కలిపి పావుకిలో ప్లాస్టిక్ కవర్లో కట్టండి. ఎండలో ఆరబెట్టి తీసుకెళ్తే పురుగులు చచ్చిపోతాయి, ఏమీ లేదని రిపోర్ట్ వస్తుంది.

ప్రశ్న: కోలియస్ వేశాం, మందు మొక్కే కదా దానికి రోగాలు రావనుకున్నాం. దుంపలు కుళ్ళిపోతున్నాయి.

జవాబు: మనిషికి మందయ్యే మొక్క తన్ను తాను కాపాడుకుంటుందని ఎక్కడా లేదండి. కోలియస్ అంటే వేరుబుడిపె నులిపురుగుకి చాలా ఇష్టం, దాని వెనకే ఫ్యుజేరియం చేరి కుళ్ళబెడుతుంది. అశ్వగంధ, తులసి కూడా దీనికి అతీతం కాదు. మీరు అమ్మేది ఆ దుంప వేళ్ళనే కాబట్టి ఘాటు గుళికల మందు వాడితే అవశేషాలు సరుకులోనే ఉండిపోతాయి, కొనేవాళ్ళు టెస్ట్ చేసి తిప్పి పంపిస్తారు. ఆరోగ్యంగా ఉన్న తోటలోంచి మాత్రమే కొమ్మలు తెచ్చి, జీవ శిలీంధ్రాలు కలిపిన మట్టిలో వేళ్ళు పుట్టించి నాటుకోండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా మిద్దె తోటలో బెండ, వంగ వేళ్ళకి బుడిపెలు వచ్చాయి. ఆ గ్రో బ్యాగుల మట్టి పారెయ్యాలా?

జవాబు: పారెయ్యక్కర్లేదమ్మా. ఏప్రిల్, మే ఎండల్లో వేళ్ళన్నీ ఏరేసి, మట్టిని మిద్దె మీద జానెడు మందం మించకుండా పరిచి, తడిపి, పైన పల్చటి పారదర్శక (అవతలి వైపు కనిపించే) ప్లాస్టిక్ కప్పి అంచులు గాలి పోకుండా ఇటుకలతో నొక్కి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలెయ్యండి. నల్ల కవర్ వద్దు, దాంతో లోపల అంత వేడెక్కదు. తర్వాత వేపపిండి కలిపి వాడుకోవచ్చు. ఒక్కటి, చిక్కుడు జాతి వేళ్ళకి ఉండే గుండ్రటి బుడిపెలు చూసి కంగారుపడొద్దు, గోరుతో తడితే ఊడొచ్చి లోపల గులాబీ రంగు ఉంటే అవి నత్రజనినిచ్చే మంచి బుడిపెలు. అలా కాక వేరు తానే ఉబ్బిపోయి, బుడిపెని విడదీయబోతే వేరు కూడా తెగిపోతే అప్పుడే నులిపురుగు.