చిన్న వ్యాపారంలో కస్టమర్‌ను నిలబెట్టుకోవాలంటే లీడర్‌షిప్ కోర్సులు చెయ్యాలా?

కోర్సుల సంగతి నాకు తెలీదు, నేను ఇంటర్ ఫెయిల్. మోటార్ వైండింగ్ షాపు, అంటే కాలిన మోటార్లకు తీగ మళ్లీ చుట్టే షాపు నడుపుతాను, నాతో కలిపి నలుగురం. పొద్దున్నే ఫోన్ తెరిస్తే సూటేసుకుని ‘కస్టమరే దేవుడు’ అని చెప్పే వీడియోలు చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. దేవుణ్ణి ఎవరైనా మూడు రోజులాగి రమ్మంటారా?

పని నేర్చుకున్నది కరీంనగర్ వైపు ఒక చిన్న షాపులో. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. ఇది అంతకు ముందు మాట. కరెంటు వంతులవారీగా వచ్చేది, అందులో రాత్రి వంతు ఒకటి. నిద్ర లేచి ఎవరు పోతారని రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి, వోల్టేజీ పడిపోయేది, మోటార్లు కాలేవి. మాకు మాత్రం సీజనంతా పండగే.

మార్చిలో ఒకాయన ట్రాలీ ఆటోలో 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్, అంటే నీళ్లలో మునిగి నడిచే మోటారు తెచ్చాడు. యాసంగి వరి పొట్ట మీదుంది. విప్పితే రెండు ఫేజుల చుట్ల మీద ప్లాస్టిక్ కరిగి ముద్దయింది, మూడోది చెక్కుచెదరలేదు.

“వైండింగే అన్నా, మూడు రోజులు” అన్నాను హుషారుగా.

“ఎందుకు కాలిందిరా?” అన్నాడు మా ఓనరు.

నాకేం తెలుసు! షాపులో ఉన్న స్పేర్ మోటారు అదే ఆటోలో ఎక్కించి నన్నూ తోలాడు. బావి దగ్గర స్టార్టర్ డబ్బా తెరిస్తే, మాటిమాటికీ ట్రిప్ అవుతోందని రిలే, అంటే లోడు ఎక్కువైతే మోటారును ఆపేది, తీసేసి డైరెక్ట్ చేసి ఉంది. ఒక కాంటాక్ట్ పాయింటు మాడిపోయింది, మూడు ఫేజుల్లో ఒకటి మోటారుకు అందలేదు. అర్ధరాత్రి రెండు ఫేజుల మీదే మూలుగుతూ కాలిందన్నమాట, వినేవాడు లేక. పాయింట్లు మార్చి, రిలే పెట్టి, చైన్ పుల్లీతో స్పేరు దించేసరికి పొద్దుగూకింది. ముందు ఎర్రనీళ్లు, తర్వాత తెల్లనీళ్లు. ఆయన వెళ్లి మడిలోనే కూర్చున్నాడు.

తిరిగొచ్చి నా తెలివి చూపించాను. “డబ్బా ముట్టుకోకపోతే మళ్లీ కాలేది గదన్నా, మళ్లీ మన దగ్గరికే వస్తుండె.”

“వస్తడు. మూడోసారికి పొలం కౌలుకిచ్చి పట్నం పోతడు. అప్పుడు ఎవని మోటారు చుడ్తవ్?”

ఆ షాపులో ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది. ఊరు, తేదీ, హెచ్‌పీ, చివర ‘ఎందుకు కాలింది’. ఆ గడి ఖాళీగా ఉంటే ఆ వారం జీతం చేతికొచ్చేది కాదు. నాకొచ్చిన పనంతా ఆ గడిలోంచే వచ్చింది. ఇప్పటి కుర్రాళ్లు చుట్టడం నెలలో నేర్చుకుంటారు, పొలానికి పొమ్మంటే చెప్పులు పాడవుతాయంటారు. ఇక అల్యూమినియం తీగ చుట్టి రాగి రేటు గుంజేవాళ్ల గురించి రాయాలంటే ఇంకో జవాబు కావాలి.

నా దగ్గర ఇప్పుడు మూడు స్పేర్లున్నాయి. అంటే ఉండాలి. ఒకటి సంక్రాంతికి ముందు తీసుకుపోయినాయన ఇప్పటికీ ఫోన్ ఎత్తడం లేదు.