ఓటీ చదువుకు 401కె డబ్బు తీయొచ్చా?

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. నా వయసు 52. అమ్మాయి సైకాలజీలో డిగ్రీ చేసింది, ఇప్పుడు ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (ఓటీ: జబ్బు, గాయం వల్ల ఇబ్బంది పడేవాళ్లకు రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే థెరపిస్ట్) అవుతానంటోంది. స్టేట్ యూనివర్సిటీలో మాస్టర్స్ అయితే 27 నెలలు, ఫీజు 60 వేల డాలర్లు. ఒక ప్రైవేటు స్కూల్లో డాక్టరేట్ మూడేళ్లు, 1.45 లక్షలు. 2027 నుంచి డాక్టరేట్ ఉంటేనే ఉద్యోగమని తెలిసినవాళ్లు చెప్తున్నారు. చదువు కోసం దాచే 529 ఖాతాలో 42 వేలున్నాయి. మిగతాది నా రిటైర్మెంట్ పొదుపు ఖాతా 401కె నుంచి తీయనా?

జవాబు: తీయకండి. 59 ఏళ్ల ఆరు నెలలు నిండకముందే తీస్తే ఆదాయ పన్నుతో పాటు 10 శాతం పెనాల్టీ పడుతుంది. చదువు ఖర్చుకని ఐఆర్ఏకు (సొంతంగా తెరిచే రిటైర్మెంట్ ఖాతా) ఇచ్చిన పెనాల్టీ మినహాయింపు 401కెకు వర్తించదు.

ఇక ఆ 2027 మాట. ఓటీ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ ఏకోట్ 2017లో అలాంటి నిర్ణయం తీసుకున్నది నిజమే. మరుసటి ఏడాదే దాన్ని ఆపేసింది. 2019లో ఓటీల జాతీయ సంఘం కూడా మాస్టర్స్, డాక్టరేట్ రెండు దారులూ ఉంటాయని తేల్చేసింది. ఏది చదివినా రాయాల్సింది అదే ఎన్‌బీసీఓటీ అనే జాతీయ పరీక్ష, వచ్చేది అదే లైసెన్సు. క్లినిక్‌లో పనిచేసే అమ్మాయికి డాక్టరేట్ ఉందని జీతం పెద్దగా పెంచరు. పాఠాలు చెప్పాలనుకుంటే అది వేరే సంగతి.

లెక్క చూడండి. 60 వేలలో 529 డబ్బు పోను 18 వేలు మిగులుతుంది. అది ఫెడరల్ లోన్‌తో సరిపోతుంది. డాక్టరేట్‌కైతే 1.03 లక్షలు కావాలి. 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్ (మిగిలిన ఖర్చంతటికీ ఇచ్చేది) లేదు. మామూలు గ్రాడ్యుయేట్ పరిమితి ఏడాదికి 20,500 డాలర్లే. ఎక్కువ పరిమితి ఇచ్చే ప్రొఫెషనల్ కోర్సుల ప్రతిపాదిత జాబితాలో ఓటీ లేదు. అంటే మూడేళ్లకు 61,500. మిగతా 41,500కు ప్రైవేటు బ్యాంకు దగ్గరికి వెళ్లాలి, అక్కడ కో-సైన్ (హామీ సంతకం) చేయమని అడిగేది మిమ్మల్నే. పైగా తొమ్మిది నెలల జీతం ఆలస్యం. 2024లో ఓటీల మధ్యస్థ జీతం సుమారు 98 వేల డాలర్లు, కొత్తవాళ్లకు అంతకన్నా తక్కువే ఉంటుంది. మొత్తం అప్పు మొదటి ఏడాది జీతం దాటకూడదన్నది నేను అందరికీ చెప్పే మాట.

సీటు సంగతికొస్తే, సైకాలజీ చదివింది కాబట్టి స్టాటిస్టిక్స్, అబ్‌నార్మల్ సైకాలజీ అయిపోయి ఉంటాయి. అనాటమీ, ఫిజియాలజీ రెండు భాగాలూ ల్యాబ్‌తో సహా చేయాల్సి రావచ్చు. వాటిని కమ్యూనిటీ కాలేజీలో చేయించండి, చాలా చవక. పాత క్రెడిట్లకు కొన్ని స్కూళ్లు గడువు పెడతాయి, అడిగి చూసుకోండి. థెరపిస్టుల దగ్గర కూర్చుని పని చూసే అబ్జర్వేషన్ గంటలు కూడా చాలాచోట్ల అడుగుతారు. ఆస్పత్రిలో కొన్ని, స్కూల్లో కొన్ని చేస్తే ఈ పని తనకు నచ్చుతుందో లేదో ఫీజు కట్టకముందే తెలుస్తుంది.

కొత్తగా పెట్టిన కోర్సు అయితే ఏకోట్ గుర్తింపు ఏ దశలో ఉందో చూడండి. గుర్తింపు లేని కోర్సు పూర్తి చేస్తే పరీక్షకు కూర్చోనివ్వరు.

అందరూ మరిచిపోయే ఖర్చు ఒకటుంది. చివర్లో 24 వారాల ఫుల్‌టైమ్ ఫీల్డ్‌వర్క్ (పనిచోట శిక్షణ) ఉంటుంది. సాధారణంగా జీతం ఇవ్వరు, ఫీజు మాత్రం కట్టాలి. వేరే ఊళ్లో వేస్తే అక్కడ అద్దె, కారు పెట్రోలు. ఆ ఆరు నెలలకు సరిపడా డబ్బు 529లోనే విడిగా ఉంచి, మొదటి సెమిస్టర్ల ఫీజుకు లోన్ వాడండి. ఆ అద్దె 529కి చెల్లుతుంది, కాలేజీ చెప్పే హద్దు దాటకపోతే చాలు. పెట్రోలు చెల్లదు.