యువత వాడే యాప్‌ని ఆపేస్తే ఓట్లు పోతాయా? నేను చూసినంతవరకు

కుర్రాళ్లు పొద్దస్తమానం వాడే యాప్‌ని ప్రభుత్వం ఆపేస్తే అధికార పార్టీకి ఎన్నికల్లో దెబ్బ తగులుతుందా, లేక నాలుగు రోజులు గోల చేసి మర్చిపోతారా అని అడిగారు. రెండూ జరిగాయి. ఒకటి సూర్యాపేట వైపు మావాళ్ల ఇంట్లో జరిగింది, ఇంకోటి నేనుంటున్న పెన్సిల్వేనియాలో చూశాను. యాప్ పోయిందన్న కోపం ఎక్కువ కాలం నిలవదు. కానీ ఎందుకు తీసేశారో చెప్పిన కారణం నమ్మబుద్ధి కాకపోతే ఆ కోపం వేరే కోపాలతో కలుస్తుంది, అప్పుడే ప్రమాదం.

ముందు మన సంగతి. 2020 జూన్ 15న చైనా సరిహద్దులోని గల్వాన్‌లో ఆ దేశ సైన్యంతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది చనిపోయారు, వాళ్లలో కల్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట. రెండు వారాలకే, జూన్ 29న, కేంద్రం 59 చైనా యాప్‌లని నిషేధించింది, అందులో టిక్‌టాక్ ఉంది. మా అక్క కూతురు అప్పుడు డిగ్రీ చదువుతోంది, నానమ్మతో కలిసి చిన్న చిన్న కామెడీ వీడియోలు చేసేది, ఊళ్లో అందరికీ తెలిసిన మొహం అయిపోయింది. యాప్ పోయాక ఫోన్లో నాతో మాట్లాడుతూ ఏడ్చింది కానీ ప్రభుత్వాన్ని ఒక్క మాట అనలేదు. సంతోష్ బాబు అంతిమయాత్ర జరిగిన జిల్లాలో ఆ మాట అనడానికి ఎవరికి నోరొస్తుంది? పైగా జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చేసింది, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్, చూసేవాళ్లకి లోటు తెలియలేదు.

ఆ ఏడాది నవంబర్‌లో తెలంగాణలోని దుబ్బాక ఉప ఎన్నికలో, కేంద్రంలో అధికారంలో ఉన్న బీజేపీ గెలిచింది, డిసెంబర్‌లో హైదరాబాద్ కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ) ఎన్నికల్లో 4 సీట్ల నుంచి 48కి పోయింది. టిక్‌టాక్ నిషేధం వాళ్లకి ఓట్లు పోగొట్టిన జాడ నాకెక్కడా కనబడలేదు. నష్టపోయింది మా అక్క కూతురి లాంటి వాళ్లు. టిక్‌టాక్‌లో పొలం గట్టు మీద తీసిన వీడియో కూడా లక్షల మందికి పోయేది, రీల్స్‌లో ఆమె మళ్లీ ఆ జనాన్ని సంపాదించుకోలేకపోయింది. వాళ్ల గొంతు ఏ పార్టీకీ వినబడలేదు, ఆ విషయం నాకు ఇప్పటికీ బాధే.

అమెరికాలో లెక్క వేరుగా తేలింది. 2023 మార్చిలోనే అప్పటి వాణిజ్య మంత్రి జీనా రైమండో ఒక ఇంటర్వ్యూలో, టిక్‌టాక్‌ని నిషేధిస్తే 35 ఏళ్లలోపు ఓటర్లందరినీ శాశ్వతంగా పోగొట్టుకుంటామని తనలోని రాజకీయ నాయకురాలికి అనిపిస్తోందని బాహాటంగా అన్నారు. అదే నెలలో టిక్‌టాక్ సీఈఓ షౌ చ్యూని కాంగ్రెస్ కమిటీ గంటల తరబడి ప్రశ్నించింది, ఒక సభ్యుడు ఈ యాప్ ఇంట్లో వైఫైకి కనెక్ట్ అవుతుందా అని అడిగిన ముక్క మా పిల్లల ఫోన్లలో వారం రోజులు తిరిగింది. తమకి అర్థం కాని దాన్ని తీసేస్తున్నారు అని వాళ్లకి అప్పుడే పడిపోయింది, ఆ తర్వాత డేటా గురించి, చైనా చట్టాల గురించి ఎంత సీరియస్‌గా చెప్పినా ఎక్కలేదు. చైనా కంపెనీ చేతిలో కోట్ల మంది సమాచారం ఉండటం నిజంగా ఆలోచించాల్సిన విషయమే అని నేనూ అనుకుంటాను, అయినా ఇంట్లో ఒప్పించలేకపోయాను.

ఇక 2024. ఫిబ్రవరి 11న, సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) రోజు, అప్పటి అధ్యక్షుడు, డెమొక్రాట్ బైడెన్ ప్రచార బృందం టిక్‌టాక్‌లో అకౌంట్ తెరిచింది. ఏప్రిల్ 24న అదే బైడెన్, టిక్‌టాక్‌ని చైనా కంపెనీ అమ్మేయాలి లేకపోతే మూసేయాలి అనే చట్టం మీద సంతకం పెట్టారు, అకౌంట్ మాత్రం నడుస్తూనే ఉంది. ఆ ఎన్నికల్లో నేను డెమొక్రాట్ల తరఫున వాలంటీర్‌గా ఇళ్లకి తిరిగాను, కాలేజీ పిల్లలు అద్దెకుండే వీధులకి కూడా వెళ్లాను. అద్దెలు, సరుకుల ధరలు, గాజా యుద్ధం, ఇవే ముందు వచ్చేవి, టిక్‌టాక్ ఎప్పుడూ మొదటి మాట కాదు. కానీ గాజా గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ దాని దగ్గరికి వచ్చేవాళ్లు, మేము ఆ వీడియోలు చూడకూడదనే కదా తీసేస్తున్నారు అని. కొందరు చట్టసభ సభ్యులు ఆ యాప్‌లో పాలస్తీనా అనుకూల వీడియోలు ఎక్కువయ్యాయని బయటికే అన్నారు కాబట్టి, అది కారణం కాదు అని నేను గట్టిగా చెప్పలేకపోయేదాన్ని. మాకు వద్దన్న యాప్‌లో మీరు ప్రచారం ఎలా చేస్తారు అని ఒక అమ్మాయి అడిగితే దానికీ నా దగ్గర సమాధానం లేదు. 18 నుంచి 29 ఏళ్లవాళ్లలో డెమొక్రాట్ల ఆధిక్యం 2020తో పోలిస్తే బాగా తగ్గింది. టిక్‌టాక్ వల్లే అని చెప్పను, అప్పటికే దూరమవుతున్న వాళ్లకి అదొక సాక్ష్యంలా పనికొచ్చింది.

అన్నిటికన్నా విచిత్రం చివర్లో జరిగింది. 2020లో టిక్‌టాక్‌ని నిషేధించడానికి ఆదేశం ఇచ్చింది ట్రంపే. 2025 జనవరి 17న సుప్రీంకోర్టు చట్టాన్ని ఏకగ్రీవంగా సమర్థించింది, 18 రాత్రి యాప్ ఆగిపోయింది, మర్నాడు తిరిగి వచ్చినప్పుడు స్క్రీన్ మీద ట్రంప్ ప్రయత్నాల వల్ల వచ్చింది అని మెసేజ్! చట్టానికి రెండు పార్టీలూ ఓటేశాయి, సెనేట్‌లో 79-18. అయినా నింద సంతకం పెట్టిన వాడికి, పేరు మళ్లీ తెరిపించిన వాడికి. ఎన్నికలకి ముందు సంతకం పెట్టి గడువు మాత్రం ఎన్నికల తర్వాతకి పెడితే ప్రత్యర్థికి ఆ అవకాశం మనమే చేతిలో పెట్టినట్టు.

నేపాల్ గురించి కూడా చెప్పాలి. 2025 సెప్టెంబర్ 4న ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేసుకోలేదని 26 సోషల్ మీడియా ప్లాట్‌ఫామ్‌లని ఆపేశారు, ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబ్ అన్నీ. అప్పటికే నాయకుల పిల్లల జల్సాల మీద వీడియోలు తిరుగుతున్నాయి, టిక్‌టాక్ రిజిస్టర్ అయ్యింది కాబట్టి అవి ఆగలేదు కూడా. 8న కుర్రాళ్లు నిరసనగా వీధుల్లోకి వస్తే ఒక్కరోజే 19 మంది కాల్పుల్లో చనిపోయారు, నిషేధం ఎత్తేసినా లాభం లేకపోయింది, 9న ప్రధాని ఓలి రాజీనామా. అక్కడ చాలా ఇళ్లలో ఒకరైనా గల్ఫ్‌లోనో మలేసియాలోనో ఉంటారు. మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, దుబాయ్‌లో ఉన్న కొడుకుతో మాట్లాడే వాట్సాప్ ఆగిపోతే ఆ ఇంట్లో అమ్మ కూడా కుర్రాళ్ల వైపే ఉంటుంది.

మీరు ఏ పార్టీకైనా సలహా ఇచ్చే స్థితిలో ఉంటే నేను రెండే అడుగుతాను. చెప్పే కారణం 20 ఏళ్ల వాడి ముందు నిలబడి చెప్పగలరా? మీ నాయకులు అదే యాప్‌లో ఉన్నారా? ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకి సోషల్ మీడియా అకౌంట్లు బంద్, ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటి చర్చ మొదలైంది. పిల్లల మంచి కోసమే కావచ్చు, ఒక తల్లిగా నేను ఆ వాదనని కొట్టిపారేయను. కాకపోతే ఇప్పుడు 15 ఏళ్లున్న పిల్లకి 2029 ఎన్నికలకి ఓటు వస్తుంది, కాబట్టి జీవో తయారయ్యాక కాకుండా ముందే వాళ్ల స్కూళ్లకి వెళ్లి మాట్లాడమని చెప్పండి.